గెలిచిన సీజన్‌ని డాక్యుమెంటరీలతో మళ్లీ మొదటి నుంచి చూడటం ఎలా

1989 మే 26 రాత్రి లివర్‌పూల్ జట్టు మైదానం యాన్‌ఫీల్డ్‌లో ఆర్సెనల్ ఆటగాడు మైకేల్ థామస్ కొట్టి, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ టైటిల్ తెచ్చిన గోల్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ చాలాకాలం నేను చూసిందల్లా ఆ పదిహేను సెకన్లే. తర్వాత ఆ సీజన్ మీద డేవ్ స్టీవర్ట్ తీసిన '89' అనే డాక్యుమెంటరీ దొరికింది, 2017లో వచ్చిన సినిమా, ఒక రాత్రి ఏకబిగిన చూసేశాను, ఒళ్లు జలదరించింది, లైటు ఆర్పి పడుకున్నాను. వారం తర్వాత ఏం గుర్తుందా అని చూసుకుంటే మళ్లీ ఆ పదిహేను సెకన్లే మిగిలాయి. సినిమా చాలా బాగుంది, అందులో సందేహం లేదు. నేను చూసిన పద్ధతే సరిగా లేదు.

అప్పటినుంచి ఆర్సెనల్ గెలిచిన సీజన్లను ఒక్కొక్కటిగా, తీరిగ్గా, ఒక వరస పెట్టుకుని చూస్తున్నాను. మీ జట్టు వేరే ఏదైనా కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది. నాకు బాగా తెలిసిన ఉదాహరణలు ఆర్సెనల్‌వి కాబట్టి వాటితోనే చెబుతాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. డాక్యుమెంటరీకి కథ ఎలా ముగుస్తుందో మొదటి నిమిషం నుంచే తెలుసు. ఆ ఏడాది మైదానంలో ఉన్నవాళ్లకీ, గ్యాలరీలో నిలబడ్డవాళ్లకీ తెలియదు. మే నెలలో ఏమవుతుందో తెలియకుండా ఫిబ్రవరిలో ఒక డ్రా చూసి ఇంటికెళ్లిన మనిషికి ఉండే టెన్షన్‌ని మనం మళ్లీ సంపాదించుకోవాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

మొదట ఒక్క సీజన్ పట్టుకోండి

అన్ని ట్రోఫీల కథనీ ఒకే వీడియోలో చుట్టేసే సినిమాలు చాలా ఉంటాయి, వాటితో మొదలుపెట్టకండి. ఒక సీజన్‌కి కనీసం రెండు వారాలు ఇవ్వండి. ఏ సీజన్ అన్నది మీ ఇష్టం, కానీ మొదటిసారికి పూర్తి మ్యాచ్ రికార్డింగులు దొరికే సీజన్ అయితే మంచిది. ఇంగ్లండ్‌లో లీగ్ మ్యాచ్‌లు టీవీలో క్రమం తప్పకుండా లైవ్ రావడం 1983లో మొదలైంది, అంతకు ముందువి ఎక్కువగా హైలైట్స్ రూపంలోనే మిగిలాయి. అందుకే ఆర్సెనల్ అయితే 1988-89 లేదా 2003-04తో మొదలుపెట్టమంటాను. 1970-71 మూడోది. 1930ల జోలికి ఆఖర్న వెళ్లండి, దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత ఒక కాగితం తీసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. సినిమా పెట్టకముందే ఆ సీజన్ మ్యాచ్‌ల జాబితా చేత్తో రాసుకోండి: తేదీ, ఎవరితో, సొంత మైదానమా కాదా, స్కోరు. మొత్తం రాయలేకపోతే చివరి పదిహేను మ్యాచ్‌లైనా రాయండి. పక్కన ప్రధాన ప్రత్యర్థి జట్టు ఫలితాలు కూడా అవే తేదీలకు ఎదురుగా రాయండి. రెండు వరసలూ పక్కపక్కన ఉంటేనే విషయం అర్థమవుతుంది.

అదే కాగితం పైన ఆ ఏటి రూల్స్ నాలుగు ముక్కల్లో రాసుకోండి, ఎందుకంటే ఇవాళ్టి రూల్స్‌తో పాత మ్యాచ్ చూస్తే సగం అర్థం కాదు. గెలుపుకి మూడు పాయింట్లు ఇంగ్లండ్‌లో 1981లో వచ్చాయి, అంతకు ముందు రెండే. పాయింట్లు సమానమైతే గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది, చూడటం 1976-77లో మొదలైంది, దానికి ముందు గోల్ సగటు ఉండేది, అంటే కొట్టిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో భాగించేవాళ్లు. సొంత ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న రూల్ 1992 దాకా లేదు. ఇది తెలియకపోతే 1989 మ్యాచ్‌లో కీపర్ తాపీగా బంతి పట్టుకుంటుంటే మీకు వింతగా ఉంటుంది.

ఈ కాగితం ఏం చేస్తుందో 1988-89తో చూపిస్తాను. మే 13న ఆర్సెనల్ సొంత మైదానం హైబరీలో డర్బీ చేతిలో 2-1తో ఓడింది. నాలుగు రోజులకి, మే 17న, మళ్లీ హైబరీలోనే వింబుల్డన్‌తో 2-2 డ్రా. చేతిదాకా వచ్చింది జారిపోయింది అనుకున్నారు అందరూ. అవతల లివర్‌పూల్ జనవరి 1న మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడాక మళ్లీ ఓడలేదు. మే 20న లీగ్‌తో పాటు వేరుగా జరిగే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఎవర్టన్‌ని ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ఓడించింది, మే 23న వెస్ట్‌హామ్‌ని 5-1తో చితక్కొట్టింది.

ఆ 5-1 దగ్గర ఆగండి. ఆ మ్యాచ్‌కి ముందు రెండు జట్లకీ 73 పాయింట్లే, రెండిటి గోల్ తేడా కూడా 35. మ్యాచ్ అయ్యాక లివర్‌పూల్ 76 పాయింట్లు, తేడా 39. ఆర్సెనల్ యాన్‌ఫీల్డ్‌కి వెళ్లి కనీసం రెండు గోల్స్ తేడాతో గెలవాలన్న లెక్క అక్కడ పుట్టింది. లివర్‌పూల్ ఆ రోజు 3-1 దగ్గర ఆగి ఉంటే ఆర్సెనల్‌కి 1-0 సరిపోయేది, మీరే వేసి చూడండి: పాయింట్లు 76-76, తేడా 36-36, కొట్టిన గోల్స్‌లో ఆర్సెనల్ ముందు. అంటే వెస్ట్‌హామ్ మీద ఆఖర్లో పడ్డ రెండు గోల్సే థామస్ గోల్‌ని అవసరం చేశాయి. కాగితం మీద ఇది నాకు మొదటిసారి కనబడ్డప్పుడు పెన్ను కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరో చెబితే విన్నదానికీ, మీ చేత్తో కూడి తీసివేసి తేల్చుకున్నదానికీ చాలా తేడా ఉంది.

ఇంకో తేదీ కూడా రాయాలి. యాన్‌ఫీల్డ్ మ్యాచ్ అసలు జరగాల్సింది ఏప్రిల్‌లో. ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో, లివర్‌పూల్ ఆడుతున్న ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసింది. అందువల్లే ఆ మ్యాచ్ వాయిదా పడి సీజన్ ఆఖరుకి, ఒక శుక్రవారం రాత్రికి వచ్చింది. ఈ వరస దాటేసి ఆ రాత్రిని చూడకండి. మ్యాచ్‌కి ముందు ఆర్సెనల్ ఆటగాళ్లు పూలగుత్తులు పట్టుకుని లివర్‌పూల్ అభిమానుల వైపు నడిచి వెళ్లి ఇస్తారు. ఎందుకో తెలిసి చూస్తే ఆ రాత్రంతా వేరుగా కనిపిస్తుంది.

ఓడిన మ్యాచ్‌లు ముందు చూడండి

కాగితం తయారయ్యాక మీ చెయ్యి గెలుపు వీడియోల వైపే వెళ్తుంది. ఆపుకోండి. ముందుగా ఓటములు, దెబ్బతిన్న డ్రాలు చూడండి. పూర్తి మ్యాచ్ దొరక్కపోతే హైలైట్స్ చాలు. డర్బీ మ్యాచ్, వింబుల్డన్ మ్యాచ్ ఒకే రోజు కాకుండా నాలుగు రోజుల తేడాతో చూడండి, నిజంగా ఉన్నంత తేడాతోనే. మధ్యలో యాన్‌ఫీల్డ్ క్లిప్ ఏదీ ముట్టుకోకండి. నాలుగో రోజుకి మీకు కాస్త చిరాకు, దిగులు రావాలి. వస్తే పద్ధతి పనిచేస్తున్నట్టే.

2003-04కి ఇది ఇంకా బాగా కుదురుతుంది. ఆ ఏడాది ఆర్సెనల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 38లో 26 గెలుపులు, 12 డ్రాలు, 90 పాయింట్లు. మరి ఓటమి ఎక్కడినుంచి తేవాలి? రెండు చోట్ల నుంచి. మొదటిది అంతకు ముందటి సీజన్. 2002 శరదృతువులోనే అప్పటి ఆర్సెనల్ మేనేజర్ అర్సెన్ వెంగర్ ఈ జట్టు సీజనంతా ఓడకుండా ఉండొచ్చు అన్నాడు, అక్టోబర్ 19న ఎవర్టన్ మైదానంలో ఇంకా పదిహేడు నిండని వేన్ రూనీ ఆఖరి నిమిషంలో దూరం నుంచి కొట్టిన గోల్‌తో ఓడిపోయారు, ఆ మాట పట్టుకుని పత్రికలు ఎగతాళి చేశాయి, ఆ ఏడాది టైటిల్ కూడా మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయింది. ఆ గోల్ చూడకుండా తర్వాతి ఏడాది కథ మొదలుపెడితే వెంగర్ మాట బరువు తెలియదు.

రెండోది 2004 ఏప్రిల్ మొదటి వారం. 3న ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో యునైటెడ్ చేతిలో 1-0 ఓటమి. 6న యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీ చేతిలో, హైబరీలోనే, వేన్ బ్రిడ్జ్ ఆఖర్లో కొట్టిన గోల్‌తో 2-1 ఓటమి. మూడు రోజుల తర్వాత 9న లివర్‌పూల్‌తో లీగ్ మ్యాచ్, హాఫ్ టైమ్‌కి 2-1తో వెనక. వారం రోజుల్లో మొత్తం సీజన్ కూలిపోతుందా అన్న చోట అందరూ నిలబడి ఉన్నారు. రెండో సగంలో మొదట ఆర్సెనల్ ఆటగాడు పిరెస్ సమం చేశాడు, మరు నిమిషమే తియెరీ హెన్రీ బంతి అందుకుని నడి మైదానం దగ్గర్నుంచి ఒక్కడే డిఫెన్స్ మధ్యలోంచి పరిగెత్తి గోల్ కొట్టాడు, తర్వాత హ్యాట్రిక్ పూర్తి చేశాడు, 4-2. మీరు ఈ మూడు మ్యాచ్‌లనూ ఈ వరసలో, అదే తేదీల తేడాతో చూడండి. నన్నడిగితే ఆ సీజన్ మొత్తంలో అసలైన రోజు ట్రోఫీ ఎత్తిన రోజు కాదు, ఈ ఏప్రిల్ 9.

ఇప్పుడు ఒక పూర్తి మ్యాచ్, కోతల్లేకుండా

సినిమాకి ముందు నిర్ణాయక మ్యాచ్‌ని మొదటి విజిల్ నుంచి ఆఖరి విజిల్ దాకా కూర్చుని చూడండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ముందుకి జరపకండి, ముఖ్యంగా ఏమీ జరగని చోట. యాన్‌ఫీల్డ్ మ్యాచ్‌లో మొదటి సగం 0-0. హైలైట్స్‌లో ఆ నలభై అయిదు నిమిషాలూ ఉండవు, ఉన్నా ఒక నిమిషం. కానీ ఆ రాత్రి మేనేజర్ జార్జ్ గ్రాహమ్ అనుకున్నదే అది: డేవిడ్ ఒలియరీ, టోనీ ఆడమ్స్, స్టీవ్ బౌల్డ్‌లను మధ్యలో ముగ్గురిని పెట్టి, ముందు గోల్ ఇవ్వకుండా ఉండటం. అప్పటికి మూడేళ్లకు పైగా ఏ జట్టూ యాన్‌ఫీల్డ్‌లో రెండు గోల్స్ తేడాతో గెలవలేదు, ఆ మైదానంలో మొదటి సగం మౌనంగా గడపడం ఎంత కష్టమో పూర్తి మ్యాచ్‌లోనే తెలుస్తుంది.

52వ నిమిషంలో నైజెల్ వింటర్‌బర్న్ ఫ్రీ కిక్, అలన్ స్మిత్ హెడర్, 1-0. అక్కడినుంచి దాదాపు నలభై నిమిషాలు ఇంకొక్క గోల్ కోసం ఎదురుచూపు. మధ్యలో గ్రాహమ్ హేస్‌నీ గ్రోవ్స్‌నీ దింపుతాడు, అప్పట్లో అనుమతించిన మార్పులు ఆ రెండే. ఆఖర్లో లివర్‌పూల్ ఆటగాడు స్టీవ్ మెక్‌మహన్ చూపుడు వేలు పైకెత్తి తన వాళ్లకి ఇంకొక్క నిమిషమే అని చూపిస్తాడు. అంతసేపు కూర్చుని చూసిన మీకు ఆ వేలు గుండెల్లో గుచ్చుకుంటుంది. క్లిప్ మాత్రమే చూసినవాళ్లకి అదొక సరదా దృశ్యం.

తర్వాతది అందరికీ తెలిసిందే. కీపర్ లుకిక్ బంతిని తన్నకుండా డిక్సన్‌కి విసురుతాడు, డిక్సన్ పొడవుగా స్మిత్‌కి, స్మిత్ థామస్ దారిలోకి, బంతి లివర్‌పూల్ డిఫెండర్ నికోల్‌కి తగిలి అదృష్టవశాత్తూ థామస్ ముందుకే తిరిగొస్తుంది, లివర్‌పూల్ కీపర్ గ్రోబెలార్ కదిలేదాకా ఆగి పైనుంచి వేస్తాడు. ఐటీవీ కామెంటేటర్ బ్రయన్ మూర్ గొంతు 'ఇట్స్ అప్ ఫర్ గ్రాబ్స్ నౌ' (ఇక ఎవరు అందుకుంటే వాళ్లదే) అని లేచేది థామస్ తన్నకముందే. ఆ మాట గోల్‌కి ముందు వచ్చిందన్నది గమనించండి, ఇంకా ఏమీ తేలని క్షణం గురించి ఆయన అరిచాడు. రెండు జట్లూ 76 పాయింట్లు, గోల్ తేడా 37, కొట్టిన గోల్స్ 73-65.

పూర్తి మ్యాచ్ ఎక్కడ దొరుకుతుందంటే, ముందు క్లబ్ సొంత సైట్, సొంత వీడియో ఛానెల్, లీగ్ వాళ్ల అధికారిక ఛానెల్ వెతకండి. సీజన్ అయిపోగానే క్లబ్బులు విడుదల చేసే సీజన్ రివ్యూ డీవీడీలు, క్యాసెట్లు పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి, దొరికితే వదలకండి. వాటిలో ఉన్న కొన్ని మ్యాచ్‌ల దృశ్యాలు ఇంకెక్కడా కనబడవు.

సినిమా, రెండుసార్లు

ఇప్పుడు డాక్యుమెంటరీ పెట్టండి. మొదటిసారి ఏమీ రాసుకోకుండా, ఆపకుండా చూడండి. అంతవరకు మీరు చేసిన పని వల్ల ప్రతి మొహమూ మీకు తెలిసిన మొహమే అవుతుంది. '89'లో ఆ ఆర్సెనల్ జట్టు ఆటగాడు డేవిడ్ రోకాసిల్ పాత దృశ్యాల్లో కనిపించినప్పుడు ఆయన 2001లో 33 ఏళ్లకే పోయాడన్నది మీకు గుర్తుండాలి. ఆ జట్టు వాళ్లు ఆయన పేరు ఎత్తినప్పుడు గొంతులు ఎలా మారతాయో వినండి. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ కళ్లు చెమరుస్తాయి.

రెండోసారి, ఒక వారం ఆగి, కాగితం ఒళ్లో పెట్టుకుని చూడండి. ఈసారి చూడాల్సింది సినిమా ఏం చెప్పిందన్నది కాదు, ఏం వదిలేసిందన్నది. తొంభై నిమిషాల్లో 38 మ్యాచ్‌లు పట్టవు, దర్శకుడు ఎంచుకోక తప్పదు. ఏ మ్యాచ్‌ని ఎంచుకున్నాడు, ఏ నెలని దాటేశాడు, ఎవరు కెమెరా ముందు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు, ఇవన్నీ కాగితంలో టిక్కులు పెట్టుకోండి. టిక్కు పడని మ్యాచ్‌లే మీ తర్వాతి పని. నాకు సీజన్ మీద అసలైన ప్రేమ పుట్టింది ఆ టిక్కు పడని మ్యాచ్‌ల దగ్గరే.

ఇంకో సంగతి. పాతికేళ్ల తర్వాత మాట్లాడే ఆటగాడు అబద్ధం చెప్పడు, కానీ జ్ఞాపకం కథలాగా సర్దుకుంటుంది. ముందే గెలుస్తామని తెలుసు అని ఎవరైనా అంటే మీ కాగితంలో మే 17 వరస చూసుకోండి. వెంగర్ మీద 2021లో వచ్చిన 'అర్సెన్ వెంగర్: ఇన్విన్సిబుల్' చూసేటప్పుడు కూడా ఇదే. అందులో ఆయనే ఎక్కువ మాట్లాడతాడు, మెల్లగా, ఆలోచించి, ఓడకపోవడం వల్ల వచ్చిన బరువు గురించి కూడా. ఆ సినిమా ఒక మనిషి జీవితం గురించి, సీజన్ వివరాలు అందులో తక్కువే ఉంటాయి. అవి మీరు ముందే చూసి ఉంటే ఆయన ప్రతి మాట వెనకా ఒక మ్యాచ్ కనిపిస్తుంది.

ఆపి, ఒక్కో ఫ్రేమ్ చూడాల్సిన చోట్లు

ప్రతి సీజన్‌లో ఒకటో రెండో వివాదపు క్షణాలు ఉంటాయి, వాటిని మాత్రం ఆపి చూడండి. యాన్‌ఫీల్డ్‌లో వింటర్‌బర్న్ కొట్టింది ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే ఇంకో ఆటగాడికి తగలకుండా నేరుగా లోపలికి వెళ్తే గోల్ కాదు. స్మిత్ తలకి తగిలిందా లేదా? లివర్‌పూల్ ఆటగాళ్లు రెఫరీ చుట్టూ మూగారు, ఆయన లైన్స్‌మన్ దగ్గరికెళ్లి మాట్లాడి వచ్చి గోల్ ఇచ్చాడు. తగిలిందని స్మిత్ ఇప్పటికీ చెబుతాడు. నేను నిదానంగా నడిపి చూశాను, బంతి దిశ కొద్దిగా మారుతుంది, నాకు మాత్రం తగిలిందనే అనిపించింది. మీ కళ్లతో మీరు చూడండి.

దీనికి జతగా 1971 ఎఫ్ఏ కప్ ఫైనల్ చూడండి, మే 8, వెంబ్లీ, అదే లివర్‌పూల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో స్టీవ్ హైవే గోల్‌తో లివర్‌పూల్ ముందుంది, ఆర్సెనల్ సమం చేసింది, ఆ గోల్ మొదట ఒక ఆటగాడి పేరున రాశారు, టీవీ రికార్డింగ్ మళ్లీ చూశాక అతని కాలు తగల్లేదని, అది ఎడ్డీ కెల్లీ గోల్ అని తేలింది. ఆ మొదటి ఆటగాడు ఎవరనుకున్నారు? జార్జ్ గ్రాహమ్. పద్దెనిమిదేళ్ల తర్వాత యాన్‌ఫీల్డ్‌లో మేనేజర్ బెంచీ మీద కూర్చుని, తగిలిందా లేదా అని రెఫరీ లైన్స్‌మన్‌తో మాట్లాడుతుంటే చూస్తున్నవాడు ఆయనే. ఏ సినిమా చెప్పకపోయినా, రెండు సీజన్లూ వరసగా చూస్తే ఇలాంటివి మీ అంతట మీకే దొరుకుతాయి. ఆ ఫైనల్‌ని 111వ నిమిషంలో ఛార్లీ జార్జ్ గెలిపించి చేతులు చాపి గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు, ఆ దృశ్యం మాత్రం మీరెప్పుడో చూసే ఉంటారు.

అవతలి వాళ్ల సినిమా కూడా చూడండి

ఇది కష్టం, అయినా చేయండి. ఓడిన జట్టు అభిమానులు, ఆటగాళ్లు అదే సీజన్ గురించి మాట్లాడిన ఇంటర్వ్యూలు, వాళ్ల క్లబ్ తీసిన వీడియోలు వెతకండి. 1989లో లివర్‌పూల్ ఆటగాళ్లు ఏప్రిల్ తర్వాత అంత్యక్రియలకి వెళ్లొస్తూ, మధ్యలో మ్యాచ్‌లు ఆడుతూ, మే 20 నుంచి 26 దాకా ఏడు రోజుల్లో మూడు పెద్ద మ్యాచ్‌లు ఆడారు. అది తెలిశాక మన గెలుపు విలువేమీ తగ్గదు, కానీ ఆ రాత్రి లివర్‌పూల్ గ్యాలరీ నిలబడి చప్పట్లు కొట్టిన దృశ్యం ఎంత గొప్పదో అప్పుడే అర్థమవుతుంది.

పాత సీజన్లు: దృశ్యాలు లేనప్పుడు

1970-71 లీగ్ టైటిల్ టోటెన్‌హామ్ మైదానంలో తేలింది, మే 3న. గెలిచినా సరే, 0-0 డ్రా అయినా సరే టైటిల్ ఆర్సెనల్‌కి, గోల్స్ పడి డ్రా అయితే మాత్రం గోల్ సగటు లెక్కన పోటీలో ఉన్న లీడ్స్ జట్టుకి. ఆఖర్లో రే కెన్నెడీ హెడర్‌తో 1-0. సరిగ్గా ఆ గోల్ పడ్డాకే ప్రమాదం పెరిగింది, ఎందుకంటే టోటెన్‌హామ్ ఒక్కటి తిరిగి కొడితే టైటిల్ పోతుంది. లైవ్ టీవీ లేని రాత్రి అది. ఇలాంటి మ్యాచ్‌కి దృశ్యాల కోసం కాకుండా మాటల కోసం వెతకండి: మాజీ ఆటగాళ్ల ఇంటర్వ్యూలు, రేడియో, మర్నాటి పత్రికలు.

1930లకి వెళ్తే న్యూస్‌రీల్సే, అంటే అప్పట్లో సినిమా హాళ్లలో వేసిన చిన్న వార్తా చిత్రాలే దిక్కు. బ్రిటిష్ పాథే సంస్థ 2014లో తన దగ్గరున్న దాదాపు 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టింది, అందులో ఆ కాలపు హైబరీ మ్యాచ్‌లు, సాధన దృశ్యాలు వెతికితే దొరుకుతాయి. ఒక్కోటి రెండు మూడు నిమిషాలే, సీజన్‌లో ఎప్పుడు తీసిందో కాగితంలో తేదీతో పోల్చుకోండి. మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ 1934 జనవరి 6న, సీజన్ మధ్యలో చనిపోయాడు, జట్టు ఆ ఏడాది టైటిల్ గెలిచింది. ఈ ఒక్క వాక్యం తెలిసి ఆ చిన్న న్యూస్‌రీల్ ముక్కలు చూస్తే చాలు, వ్యాఖ్యాత ఏమీ చెప్పక్కర్లేదు.

అదే కాలంలో హైబరీ ఇంకో రెండు విషయాలకి మొదటి మెట్టు. 1927 జనవరి 22న ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌ని బీబీసీ రేడియోలో లైవ్ కామెంటరీ ఇచ్చింది, ఇంగ్లండ్ లీగ్ ఫుట్‌బాల్‌కి అదే మొదటిది. బంతి ఎక్కడుందో వినేవాళ్లకి తెలియడానికి మైదానాన్ని అంకెలేసిన గడులుగా విడగొట్టి పత్రికలో ముద్రించారు. 1937 సెప్టెంబర్ 16న టీవీలో మొదటి ఫుట్‌బాల్ లైవ్ కూడా అక్కడే, ఆర్సెనల్ మొదటి జట్టు, రిజర్వ్ జట్టు మధ్య. గడుల పటం ఒకటి మీరే కాగితం మీద గీసుకుని పాత రేడియో కామెంటరీ ఏదైనా విని చూడండి. కళ్లు మూసుకుంటే మైదానం కనిపిస్తుంది.

లోపలి నుంచి తీసిన సినిమాలు

ఇవి వేరే జాతి. సీజన్ నడుస్తుండగానే కెమెరా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటుంది. మాంచెస్టర్ సిటీ 2017-18లో 100 పాయింట్లతో గెలిచిన సీజన్ మీద అమెజాన్ తీసిన సిరీస్ దీనికి ఉదాహరణ. ఇందులో సిటీ మేనేజర్ గార్డియోలా హాఫ్ టైమ్ మాటలు వినొచ్చు, '89' లాంటి సినిమాలో అది ఉండదు. కానీ అంత దగ్గరి నుంచి తీసేటప్పుడు క్లబ్ అనుమతి ఉండాలి, అందువల్ల ఏం బయటికి రావాలన్నది క్లబ్ కూడా చూసుకుంటుంది. కాగితం ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం. వారానికి ఒక్క ఎపిసోడ్ మించి చూడకండి, మధ్యలో ఆ నెల మ్యాచ్‌ల హైలైట్స్ చూడండి.

పక్కన ఎవరైనా ఉంటే

ఆ సీజన్‌ని అప్పట్లోనే చూసినవాళ్లు దొరికితే వాళ్లని సినిమాకి ముందు మాట్లాడించండి, తర్వాత కాదు. సినిమా చూశాక మాట్లాడిస్తే సినిమాలో విన్నదే తిరిగి చెబుతారు. ఏ మ్యాచ్ గుర్తుంది, ఎక్కడ చూశారు, ఎప్పుడు ఆశ వదిలేశారు అని అడగండి. ఆశ ఎప్పుడు వదిలేశారన్న ప్రశ్నకి జవాబు ఏ డాక్యుమెంటరీలోనూ అంత నిజాయితీగా దొరకదు. అసలు కథే తెలియని వాళ్లతో చూస్తే మాత్రం ముగింపు చెప్పకండి. నాకు బాగా తెలిసిన ఒకరికి యాన్‌ఫీల్డ్ మ్యాచ్ ఫలితం చెప్పకుండా పూర్తిగా చూపించాను. 89వ నిమిషంలో తను లేచి, అయిపోయిందిలే అంటూ నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. తర్వాత గోల్ పడ్డప్పుడు తను అరిచిన అరుపు, 1989లో నేను అక్కడుంటే ఎలా అరిచేవాడినో అలా ఉంది.

ఇవన్నీ ఒకసారి అలవాటయ్యాక పెద్ద సినిమా లేని సీజన్ ఒకటి తీసుకోండి. నాది 1990-91. 38 మ్యాచ్‌ల్లో ఒక్కటే ఓటమి, ఫిబ్రవరిలో చెల్సీ చేతిలో. ఇచ్చిన గోల్స్ మొత్తం 18. అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన తోపులాటకి రెండు పాయింట్లు కోత. కెప్టెన్ ఆడమ్స్ తాగి కారు నడిపినందుకు డిసెంబర్‌లో జైలుకెళ్లాడు. ఇంత ఉన్న సీజన్‌ని 1989, 2004 సీజన్ల మధ్య ఎవరూ పెద్దగా తలుచుకోరు. కాగితం మీద 38 వరసలూ రాశాను, దొరికిన క్లిప్పులు తేదీల ప్రకారం పేర్చుకున్నాను, ఓల్డ్ ట్రాఫర్డ్ నుంచి మొదలుపెట్టి వారానికి రెండు చొప్పున చూస్తున్నాను. ఇప్పుడు జనవరి దాకా వచ్చాను, ఇంకా ఓడలేదు. వచ్చే వారం చెల్సీ.